బ్యాగు మీద పేరు, ఫ్రిజ్‌లో తేదీ: బ్లడ్ బ్యాంకు లేబొరేటరీపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో రోజువారీ పని నడిపించే తీరు గురించి ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా కుదించాము. జవాబుల్లోని అంకెలు విస్తృతంగా పాటించేవే అయినా, మీ సంస్థ రాతపూర్వక విధానంలో అంతకంటే కఠినమైన పరిమితి ఉంటే దాన్నే పాటించాలి.

ప్రశ్న: చాలాకాలం టెక్నీషియన్‌గా పనిచేసిన నాకు ఈ మధ్యే లేబొరేటరీ ఇన్‌చార్జి బాధ్యత అప్పగించారు. పరీక్షలు చేయడం నాకు కొత్త కాదు కానీ, మూడు షిఫ్టుల పనిని నడిపించడం కొత్త. ఉదయం డ్యూటీలోకి రాగానే మొట్టమొదట ఏం చూడాలి?

జవాబు: ముందు ఫ్రిజ్‌లు చూడండి, ఫైళ్లు ఆ తర్వాత. ఎర్ర కణాల బ్యాగులు 2 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ప్లేట్‌లెట్లు 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఆగకుండా కదిలే అజిటేటర్ మీద ఉండాలి. ప్లాస్మా మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో గడ్డకట్టి ఉండాలి. మీరు తలుపు దగ్గర నిలబడిన క్షణంలో డిస్‌ప్లే మీద 4 అని కనిపించడంతో పని అయిపోదు. రాత్రంతా గ్రాఫు ఎలా నడిచింది, ఏ గంటలో పైకి వెళ్లింది, వెళ్లినప్పుడు డ్యూటీలో ఉన్నవారు ఏం చేసి ఏం రాశారు అన్నది చూడాలి. ఉష్ణోగ్రత చార్టులో నాలుగు గంటలకొకసారి "4, 4, 4" అని ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో, ఒకే వరుసలో నిండి ఉంటే నేను దాన్ని నమ్మను. తలుపు తెరుస్తూ మూస్తూ వాడే ఫ్రిజ్ అంత నిలకడగా ఉండదు. ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ గాలిలో వేలాడకూడదు. ద్రవం నింపిన సీసాలో మునిగి ఉంటేనే అది తలుపు తెరిచినప్పుడల్లా మారే గాలి వేడిని కాక బ్యాగు లోపలి వేడికి దగ్గరైన అంకెను చూపుతుంది.

తర్వాత చూడవలసింది డ్యూటీ అప్పగింత. "అంతా బాగానే ఉంది" అన్న మాటతో అది ముగియకూడదు. ఏ శాంపిల్ పరీక్ష సగంలో ఆగింది, ఏ రోగి పేరిట ఎన్ని బ్యాగులు క్రాస్ మ్యాచ్ (రోగి సీరాన్ని దాత కణాలతో కలిపి కుదురుతుందా అని చూసే పరీక్ష) చేసి పక్కన పెట్టారు, క్వారంటైన్ అరలో (వాడకుండా విడిగా ఆపి ఉంచిన బ్యాగుల అర) ఏమున్నాయి, అవి అక్కడ ఎందుకున్నాయి, ఏ వార్డుకు ఇంకా జవాబు చెప్పవలసి ఉంది అన్నవి రాతలో ఉండాలి. అప్పగించేవారూ తీసుకునేవారూ ఇద్దరూ ఫ్రిజ్ ముందు నిలబడి, ఆ కాగితాన్ని అరలతో పోల్చి చూసుకోవాలి. రాత్రి డ్యూటీ ముగించిన మనిషి ఎంత సమర్థుడైనా ఆ సమయంలో అతని జ్ఞాపకం మీద ఆధారపడటం అతనికీ న్యాయం కాదు, రోగికీ న్యాయం కాదు.

మూడోది రియేజెంట్ల పరీక్ష. రక్తం గ్రూపు తేల్చే యాంటీ-ఏ, యాంటీ-బీ, యాంటీ-డీ సీరాలను ఆనాటి మొదటి రోగి శాంపిల్ కంటే ముందే, గ్రూపు తెలిసిన కణాలతో పరీక్షించి, లాట్ నంబరుతో సహా నమోదు చేయాలి. ఇక్కడ చాలా చోట్ల ఒక అలవాటు కనిపిస్తుంది: పాజిటివ్ కంట్రోల్ (తప్పక గుంపుకట్టవలసిన కణాలు) ఒక్కటి పెట్టి, అది గట్టిగా పాజిటివ్ రాగానే సంతకం చేసేస్తారు. కలుషితమైపోయి, ఏ కణాలు కలిపినా అగ్లూటినేషన్ (కణాలు గుంపుకట్టడం) చూపించే సీసాను ఆ కంట్రోల్ ఎప్పటికీ పట్టుకోలేదు. గుంపుకట్టకూడని కణాలతో చేసే నెగెటివ్ కంట్రోల్ ఉన్నది అందుకే.

ప్రశ్న: పిల్లల వార్డులో నర్సును. శాంపిల్ ట్యూబు మీద రోగి నమోదు సంఖ్యలో ఒక్క అంకె తప్పు పడిందని లేబొరేటరీవారు తిరస్కరించి, మళ్లీ రక్తం తీసి పంపమన్నారు. నరం దొరకని పసిబిడ్డ. నేనే వచ్చి సరిదిద్దుతానన్నా ఒప్పుకోలేదు. ఇది మొండితనం కాదా?

జవాబు: బిడ్డను మళ్లీ గుచ్చవలసి వచ్చినందుకు మీరు బాధపడటం సహజమే కానీ, లేబొరేటరీ చేసింది సరైన పనే. ట్యూబు మీది అంకెను మీరు దిద్దగలరు; దాని లోపలి రక్తం ఎవరిదన్న సందేహాన్ని ఆ దిద్దుబాటు తీర్చలేదు. 1901లో కార్ల్ లాండ్‌స్టెయినర్ రక్తవర్గాలను వివరించిన నాటితో పోలిస్తే ఇప్పుడు పరీక్షలు ఎంతో కచ్చితమైనవి. నేడు ఒక రోగికి గ్రూపు కుదరని రక్తం ఎక్కిందంటే, సాధారణంగా దాని వెనుక సీరం లోపమో యంత్రం లోపమో ఉండదు. ఒకరి పేరు రాసిన ట్యూబులోకి మరొకరి రక్తం వెళ్లి ఉంటుంది, లేదా ఒకరికని ఇచ్చిన బ్యాగును మరొకరికి పెట్టి ఉంటారు. అలాంటి ట్యూబును లేబొరేటరీ ఎంత శ్రద్ధగా పరీక్షించినా ఫలితం తప్పు రాదు. అది వేరే మనిషి ఫలితం అవుతుంది, అంతే. అందుకే తప్పు అంకె ఉన్న ట్యూబును లేబొరేటరీవారు రాతలో దొర్లిన పొరపాటుగా తీసిపారేయరు, ఎవరిదో తెలియని ట్యూబుగానే చూస్తారు.

ఈ పొరపాటు ఎలా జరుగుతుందో మీకు తెలిసే ఉంటుంది. పని తొందరలో నాలుగు ట్యూబుల మీద ముందే పేర్లు రాసి ట్రేలో పెట్టుకుంటారు. లేదా రక్తం తీసిన ట్యూబును జేబులో వేసుకుని నర్సుల టేబుల్ దగ్గరకు వచ్చి, అక్కడ కేస్ షీటు చూసి పేరు రాస్తారు. రెండూ మానుకోవలసినవే. రక్తం తీసినవారే, తీసిన వెంటనే, మంచం పక్కన నిలబడి, చేతి పట్టీని చూసి ట్యూబు మీద వివరాలు రాయాలి. "మీరు ఫలానావారే కదా?" అని అడిగితే నిద్రమత్తులో ఉన్న రోగి ఏ పేరుకైనా తల ఊపుతాడు; "మీ పేరు చెప్పండి" అని అడగాలి. బిడ్డ విషయంలో తల్లి చేత చెప్పించి, పట్టీతో పోల్చుకోవాలి.

మొదటిసారి వచ్చిన రోగికి వేరే సమయంలో, వీలైతే వేరే వ్యక్తి తీసిన రెండో శాంపిల్‌తో గ్రూపును నిర్ధారించుకోవడం మంచి పద్ధతి. పాత రోగి అయితే రికార్డులోని గ్రూపుతో నేటి ఫలితాన్ని పోల్చకుండా బ్యాగు ఇవ్వకూడదు.

పసిబిడ్డ విషయంలో లేబొరేటరీ మీకు చేయగల సాయం వేరే ఉంది. తక్కువ రక్తంతో పని జరిగే చిన్న ట్యూబులు వాడమని అడగండి. నాలుగు నెలల లోపు శిశువుకు మొదటి పరీక్షలో అవాంఛిత యాంటీబాడీలు (ఇతరుల ఎర్ర కణాలను దెబ్బతీసే రక్షక ప్రోటీన్లు) లేవని తేలితే, అదే అడ్మిషన్‌లో ప్రతి బ్యాగుకూ కొత్త శాంపిల్ తీయనవసరం లేదని పలు ప్రమాణాలు అనుమతిస్తున్నాయి. మీ ఆస్పత్రి విధానంలో ఆ వెసులుబాటు ఉందేమో మీ డాక్టరు ద్వారా కనుక్కోండి.

ప్రశ్న: ట్యూబు పద్ధతిలో కూంబ్స్ క్రాస్ మ్యాచ్ చేస్తున్నాము. నెగెటివ్ వచ్చిన ట్యూబులో చెక్ సెల్స్ వేసినప్పుడు కొన్నిసార్లు అగ్లూటినేషన్ రావడం లేదు. మిగతావన్నీ సరిగా ఉంటే బ్యాగు ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకూడదు. మీరు చూసిన నెగెటివ్ అసలు ఫలితమే కాదు. ఆ ట్యూబును మొదటి నుంచి మళ్లీ చేయాలి. 1945లో కూంబ్స్, మూరాంట్, రేస్ ప్రకటించిన ఈ పరీక్ష అంతా ఎర్ర కణాలకు అంటుకున్న యాంటీబాడీని యాంటీ హ్యూమన్ గ్లోబులిన్ (దీన్నే కూంబ్స్ సీరం అంటారు) పట్టుకోవడం మీద నడుస్తుంది. కడిగిన తర్వాత ట్యూబులో రోగి సీరం జాడ మిగిలి ఉంటే, అందులోని స్వేచ్ఛా గ్లోబులిన్ మీరు వేసిన కూంబ్స్ సీరాన్ని ముందే ఖర్చు చేసేస్తుంది. అప్పుడు కణాల మీద యాంటీబాడీ నిజంగా ఉన్నా పట్టుకోవడానికి ఏమీ మిగలదు. చెక్ సెల్స్ మీద యాంటీబాడీ ముందే పూసి ఉంటుంది కాబట్టి, కూంబ్స్ సీరం బతికి ఉంటే అవి గుంపుకట్టి తీరాలి. కట్టలేదంటే సీరం పనిచేయలేదని అర్థం.

కారణం వెతకడానికి, ఏ ట్యూబుల్లో ఇలా జరుగుతోందో ముందు రాసిపెట్టండి. ఒక్క మనిషి చేసిన వాటిలోనే జరుగుతుంటే, కడిగే తీరు చూడాలి: సెంట్రిఫ్యూజ్ ఆగాక సెలైన్‌ను ఒక్క ఊపున వంపి, ట్యూబు అంచున వేలాడే చివరి చుక్కను కూడా వదిలించుకోవాలి; అడుగున అంటుకున్న కణాల బటన్‌ను తట్టి పూర్తిగా విడదీశాకే తర్వాతి సెలైన్ పోయాలి. బటన్ ముద్దగా ఉండగానే సెలైన్ పోస్తే దాని నడుమ చిక్కిన సీరం ఎన్నిసార్లు కడిగినా పోదు. సెల్ వాషర్‌లో ఎప్పుడూ ఒకే స్థానంలోని ట్యూబు తప్పుతుంటే, ఆ స్థానానికి సెలైన్ పోసే గొట్టం పూడుకుపోయి ఉండవచ్చు. అందరి ట్యూబుల్లోనూ వస్తుంటే కూంబ్స్ సీరం సీసానే అనుమానించాలి. డ్రాపర్ మొన సీరం ఉన్న ట్యూబుకు ఒక్కసారి తగిలినా ఆ సీసా పాడైనట్టే. చివరగా, అసలు సీరం వేయడమే మరచిపోవడం కూడా జరుగుతుంది. అందుకే రంగు కలిపిన సీరం తయారుచేస్తారు. కడగడం అవసరం లేని జెల్ కార్డుల్లో ఈ చెక్ సెల్స్ ప్రసక్తి లేదు.

ప్రశ్న: మా దగ్గర ఓ పాజిటివ్ ఎప్పుడూ కొరత, ఏబీ నెగెటివ్ మాత్రం తేదీ దాటి పారేయవలసి వస్తోంది. దాతలను పెంచమని పైనుంచి ఒత్తిడి. సమస్య నిజంగా దాతల కొరతేనా?

జవాబు: కొంతవరకు కావచ్చు. కానీ దాతల శిబిరం మాట ఎత్తే ముందు మీ ఫ్రిజ్‌లో "పక్కన పెట్టిన" అరను లెక్కపెట్టండి. ఆపరేషన్‌కు రెండు బ్యాగులు, ఎందుకైనా మంచిదని ఇంకో రెండు అంటూ క్రాస్ మ్యాచ్ చేయించి, ఆపరేషన్ అయిపోయాక కూడా విడుదల చేయకుండా ఉంచిన బ్యాగులు ఎన్నో ఆ అరలో ఉంటాయి. ఒక రోగి పేరున ఉన్నంతసేపు అవి మరొకరికి పనికిరావు, తేదీ మాత్రం తరుగుతూనే ఉంటుంది. క్రాస్ మ్యాచ్ చేసిన బ్యాగులను ఎక్కించిన బ్యాగులతో భాగించండి. రెండు చేస్తే కనీసం ఒకటి ఎక్కాలి, అంటే నిష్పత్తి 2 దాటకూడదు అన్నది చాలా కాలంగా వాడుకలో ఉన్న కొలమానం. ఆస్పత్రి మొత్తానికి ఒకే అంకె తీయకుండా విభాగాలవారీగా తీస్తే అసలు విషయం బయటపడుతుంది. ఎక్కడో ఒక విభాగంలో అది చాలా ఎక్కువగా ఉంటుంది. ఆ విభాగాధిపతితో మాట్లాడేటప్పుడు ఫిర్యాదులా కాకుండా, ఆ అంకెల కాగితం ముందు పెట్టి మాట్లాడండి.

రక్తం అవసరం అరుదుగా పడే ఆపరేషన్లకు గ్రూపు చూసి, యాంటీబాడీ స్క్రీనింగ్ చేసి, శాంపిల్‌ను సిద్ధంగా ఉంచుకుంటే చాలు. స్క్రీనింగ్ నెగెటివ్ అయి, పాత రికార్డులోనూ యాంటీబాడీ లేకపోతే, అడిగిన కొద్ది నిమిషాల్లో బ్యాగు ఇవ్వవచ్చు. అయితే గత మూడు నెలల్లో రక్తం ఎక్కినవారి విషయంలో, ఆ మూడు నెలల్లో గర్భం ధరించినవారి విషయంలో ఆ శాంపిల్ మూడు రోజులకు మించి చెల్లదు. కొత్త యాంటీబాడీ ఆ లోపే పుట్టుకురావచ్చు. పక్కన పెట్టిన బ్యాగుకు విడుదల గడువు ఫారం మీదే అచ్చు వేయించి, గడువు దాటగానే ఎవరినీ అడగకుండా సాధారణ నిల్వలోకి తెచ్చేసే అధికారం డ్యూటీ టెక్నీషియన్‌కు ఇవ్వండి. ఈ ఒక్క అధికారం లేకపోవడం వల్లనే బ్యాగులు రోజుల తరబడి చిక్కుకుపోతాయి.

ఎర్ర కణాలు, రక్తం గడ్డకట్టకుండా ఉంచే సీపీడీఏ-1 ద్రావణం ఉన్న బ్యాగులో 35 రోజులు, ఎస్ఏజీఎం వంటి అదనపు ద్రావణంలో 42 రోజులు నిలుస్తాయి. ముందు వచ్చినదాన్ని కాక ముందు గడువు తీరేదాన్ని ముందు పంపాలి. వేర్వేరు ద్రావణాల బ్యాగులు ఒకే అరలో ఉన్నప్పుడు ఈ రెండూ ఒకటి కావు. ఏబీ నెగెటివ్ రోగికి ఏ నెగెటివ్, బీ నెగెటివ్, ఓ నెగెటివ్ కణాలు కూడా ఇవ్వవచ్చు కాబట్టి, ఆ గ్రూపు కణాల నిల్వ పెద్దగా ఉంచనవసరం లేదు. ప్లాస్మా లెక్క తలకిందులు: ఏబీ ప్లాస్మా అందరికీ పనికొస్తుంది, దాన్ని పొదుపుగా వాడాలి. ప్లేట్‌లెట్ల సంగతి ఇంకా ఇరుకు. ఆయుష్షు సాధారణంగా 5 రోజులు, అందులో మొదటి రోజు పరీక్షల ఫలితాలు రావడానికే పోతుంది. వరుస సెలవులకు ముందు, తర్వాత వాటి సేకరణను రోజువారీ వాడకం చూసి ముందే నిర్ణయించుకోవాలి.

ప్రశ్న: వార్డుకు ఇచ్చిన బ్యాగు వాడకుండా 40 నిమిషాల తర్వాత తిరిగి వచ్చింది. ముట్టుకుంటే చల్లగానే ఉంది. మళ్లీ నిల్వలో పెట్టవచ్చా?

జవాబు: పెట్టకూడదు. ఎర్ర కణాల బ్యాగు నియంత్రిత ఉష్ణోగ్రత నుంచి బయట 30 నిమిషాలు దాటితే నిల్వలోకి తిరిగి తీసుకోరాదన్నది విస్తృతంగా పాటించే నియమం. చేతి స్పర్శ థర్మామీటరు కాదు. అదే రోగికి వెంటనే ఎక్కించగలిగితే మాత్రం, ఫ్రిజ్ నుంచి బయటకు తీసినప్పటి నుంచి 4 గంటల లోపు ముగించవచ్చు. మందుల కోసం వాడే వార్డు ఫ్రిజ్‌లో ఉంచిన బ్యాగును మాత్రం ఎంతసేపు ఉంచారని అడగకుండానే తిరస్కరించండి.

ప్రశ్న: నైట్ డ్యూటీలో ఒంటరిగా ఉంటాను. ప్రమాదంలో గాయపడ్డవారు వచ్చినప్పుడు "క్రాస్ మ్యాచ్ అక్కర్లేదు, వెంటనే ఇవ్వండి" అని ఫోను మీద ఫోను. ఏది వదిలేయవచ్చు, ఏది వదలకూడదు?

జవాబు: ఆ సమయంలో క్రాస్ మ్యాచ్ కోసం రోగిని ఆపకూడదు. ట్యూబు పద్ధతిలో పూర్తి పరీక్షకు ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. రక్తం కారిపోతున్న మనిషికి అంత వ్యవధి ఉండదు. ఓ గ్రూపు ప్యాక్డ్ సెల్స్ (ఎర్ర కణాలు) ఇవ్వండి. బాలికలకు, పిల్లలను కనే వయసులోని స్త్రీలకు ఓ నెగెటివ్ ఇవ్వాలి. లేకపోతే ఆమెలో పుట్టే యాంటీ-డీ యాంటీబాడీ తర్వాతి గర్భంలో శిశువుకు ప్రమాదం తేవచ్చు. పురుషులకు, ఆ వయసు దాటిన స్త్రీలకు చాలా ఆస్పత్రులు ఓ పాజిటివ్ ఇచ్చి, కొద్దిగా దొరికే ఓ నెగెటివ్‌ను కాపాడుకుంటాయి.

వదలకూడనివి మూడు. మొదటి బ్యాగు ఎక్కించకముందే రోగి నుంచి శాంపిల్ తీయించాలి. నాలుగు బ్యాగుల ఓ రక్తం ఎక్కాక తీసిన శాంపిల్‌లో గ్రూపు తేల్చడం కష్టమవుతుంది. ఇచ్చిన ప్రతి బ్యాగు గొట్టపు ముక్కను (లోపల అదే రక్తం ఉంటుంది) బ్యాగు నంబరుతో ఉంచుకోవాలి. "క్రాస్ మ్యాచ్ పూర్తికాలేదు" అన్న లేబుల్, దానిపై అడిగిన డాక్టరు సంతకం ఉండాలి; సంతకం తర్వాత తెచ్చినా ఫరవాలేదు కానీ తప్పక రావాలి. పేరు తెలియని రోగికి ఆస్పత్రి ఇచ్చిన తాత్కాలిక సంఖ్యే అతని పేరు, మధ్యలో బంధువులు వచ్చి పేరు చెప్పినా ఆ గండం గడిచేదాకా దాన్ని మార్చకండి. జేబులో దొరికిన గ్రూపు కార్డును చూసి బ్యాగు ఇవ్వకండి. శాంపిల్ మీద గ్రూపు తేలగానే అదే గ్రూపుకు మారి, ఇచ్చేసిన బ్యాగుల క్రాస్ మ్యాచ్ వెనుక నుంచి పూర్తి చేయండి; ఏదైనా కుదరకపోతే వెంటనే డాక్టరుకు ఫోను చేసి, విన్నది తిరిగి చెప్పించుకుని, సమయం రాయండి.

ప్రశ్న: రక్తం ఎక్కుతుండగా రోగికి చలి, జ్వరం, నడుము నొప్పి వచ్చాయని బ్యాగు వెనక్కి పంపారు. లేబొరేటరీ ఏ వరుసలో పని చేయాలి?

జవాబు: పరీక్ష మొదలుపెట్టక ముందే కాగితాలు చూడండి: రిక్వెస్ట్ ఫారం, పాత శాంపిల్, బ్యాగు లేబుల్, ఇష్యూ రిజిస్టర్, వార్డులో ఎక్కించిన రోగి వివరాలు అన్నీ ఒక్కరివేనా? తేడా కనిపిస్తే ఆ క్షణమే వార్డుకు చెప్పి, అదే సమయంలో క్రాస్ మ్యాచ్ అయిన మిగతా రోగులందరి బ్యాగులను ఆపండి. ఒకరి బ్యాగు ఈ రోగికి వెళ్లిందంటే, ఈ రోగి బ్యాగు మరో మంచం దగ్గర వేలాడుతూ ఉండవచ్చు. అందరి దృష్టీ జబ్బు చేసిన రోగి మీదే ఉన్నప్పుడు ఈ రెండో రోగిని తలచుకోవలసింది లేబొరేటరీయే.

తర్వాత, రియాక్షన్ అనంతరం తీసిన శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి, ముందు శాంపిల్ పక్కన తెల్ల కాగితం ముందు పట్టి ప్లాస్మా రంగు పోల్చండి. ముందుది పసుపుగా ఉండి, తర్వాతది గులాబీగానో ఎర్రగానో మారితే హీమోలిసిస్‌ను (ఎర్ర కణాలు పగిలిపోవడం) అనుమానించాలి. డైరెక్ట్ కూంబ్స్ (రోగి కణాలకు ఇప్పటికే యాంటీబాడీ అంటుకుందా అని చూసే పరీక్ష) చేయండి, పాత కొత్త శాంపిళ్ల మీదా బ్యాగు మీదా గ్రూపు మళ్లీ చూడండి. బ్యాగులోని రక్తం నల్లబడినా గడ్డలు కనిపించినా బాక్టీరియా కల్చర్‌కు పంపండి. ఇవన్నీ తేలేదాకా ఆ రోగికి మరో బ్యాగు ఇవ్వవద్దు. ప్రాణాపాయమైతే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించాలి. ఇందుకోసమే ఎక్కించిన తర్వాత కూడా రోగి శాంపిల్‌ను, బ్యాగు గొట్టపు ముక్కను కనీసం 7 రోజులు ఫ్రిజ్‌లో దాచిపెడతారు.

ప్రశ్న: మా సిబ్బంది చిన్న పొరపాట్లను పైకి రానివ్వరు. పట్టుకున్నప్పుడు సరిదిద్దుకుని ఊరుకుంటారు. వాటిని రాయించడం ఎలా?

జవాబు: రాసినవారికి మెమో వస్తే ఎవరూ రాయరు, అందులో ఆశ్చర్యం లేదు. పొరపాటు చేసినవారి పేరు అక్కర్లేని చిన్న పుస్తకం ఒకటి పెట్టండి: ఏ దశలో జరిగింది, ఎవరు ఎలా పట్టుకున్నారు, అంతే. మొదటి నెలల్లో నమోదయ్యే పొరపాట్ల సంఖ్య పెరిగితే దాన్ని పని చెడిపోయినట్టుగా యాజమాన్యానికి చూపించకండి. ఇంతకుముందు కనిపించనివి ఇప్పుడు కనిపిస్తున్నాయి.

నెలకొకసారి ఆ పుస్తకాన్ని చదివి ఒకే దశలో మళ్లీ మళ్లీ వచ్చినవాటిని ఎంచి, ఆ దశనే మార్చాలి. ఒకే పేరున్న ఇద్దరు రోగుల బ్యాగులు ఒకే అరలో ఉండటమే కారణమైతే అరలు వేరు చేయండి, హెచ్చరిక ట్యాగు తగిలించండి. "జాగ్రత్తగా ఉండండి" అని సర్క్యులర్ పంపడం దిద్దుబాటు కిందకు రాదు. అలా చదివినప్పుడు చాలా పుస్తకాల్లో తరచుగా ఎదురయ్యే కారణం ఫోను. ట్యూబులు చదువుతున్న మనిషి మధ్యలో ఫోను ఎత్తి, తిరిగి వచ్చి రాక్‌లో ఒక గడి అటో ఇటో తప్పుతాడు. ఇద్దరు డ్యూటీలో ఉన్నప్పుడు ట్యూబులు చదవని వ్యక్తే ఫోను ఎత్తాలి. ఒంటరిగా ఉన్నప్పుడు, చేతిలోని ట్యూబు ఫలితం రాసి, దాన్ని రాక్‌లో తన గడిలో పెట్టి, ఆ తర్వాతే ఎత్తాలి.